నాలుగో కేక

ప్రొఫెసర్ చనిపోయేసరికి ఆయన టీ ఇంకా చల్లారలేదు.

ఉదయం పది ఇరవై. సెమినార్ హాలు బయట టీ బల్ల దగ్గర ఆయన ఒక గుక్క తాగాడు, బాగుందన్నట్టు తలూపాడు, రెండో గుక్క తాగబోతూ కప్పు వదిలేశాడు. విషం చక్కెరలో ఉంది. మూడడుగుల దూరంలో మైకు మెకానిక్ వేషంలో నిలబడ్డ మనిషి ఒక్క గెంతులో వచ్చి ఆయన తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అలవాటు... మార్చేశారు" అన్నాడు ప్రొఫెసర్. "దాని అలవాటు..."

అంతే. మైకు మెకానిక్ ఆయన కళ్ళు మూసి వాచీ చూసుకున్నాడు. పది ఇరవై ఒకటి. ఆ టైమును బుర్రలో రాసుకున్నాడు. ఆ ప్రొఫెసర్ని కాపాడడమే అతని డ్యూటీ. పదకొండు రోజులుగా ఆయన వెంటే తిరిగాడు, ఆయన జోకులకు నవ్వాడు కూడా. అయినా లోపల ఏమీ కదల్లేదు. కదలాలి కదా అనుకున్నాడు, అంతకు మించి ఇంకేమీ లేదు.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'మొద్దు' అంటారు. వెనకాల కాదు, ముఖం మీదే. అతను ఏమీ అనుకోడని అందరికీ తెలుసు.

* * *

ఒక టైలర్ షాపు పై అంతస్తులో చీఫ్ ఆఫీసు. కింద కుట్టు మిషన్లు గడగడలాడుతుంటే పైన మాట్లాడేది ఎవరికీ వినపడదు. చీఫ్‌కి ఏడాది పొడుగునా జలుబు. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని ఫైలు తెరిచాడు.

"ప్రొఫెసర్ తయారు చేసిన కంట్రోలర్ గురించి ఏం తెలుసు నీకు?"

"అడాప్టివ్ ఫజ్జీ కంట్రోల్ అంటారు సార్. రసాయనాల ఫ్యాక్టరీలో నాలుగు రియాక్టర్లను అదే నడుపుతోంది. అంతవరకే తెలుసు."

"స్నానానికి వేణ్ణీళ్ళు కలుపుకుంటావా?"

"కలుపుకుంటాను సార్."

"థర్మామీటర్ పెట్టి చూస్తావా?"

"లేదు సార్. చెయ్యి పెట్టి చూస్తాను. కుడి చెయ్యి."

చీఫ్ అతని ఎడమ చేతి వైపు ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకున్నాడు. ఆరేళ్ళ కిందట ఒక మిషన్లో ఆ చెయ్యి చాలాసేపు గడ్డకట్టించే గ్యాసులో ఉండిపోయింది. వేళ్ళు కదులుతాయి, తుపాకీ పట్టుకుంటాయి. వేడి, చలి, నొప్పి మాత్రం మణికట్టు దగ్గరే ఆగిపోతాయి.

"సరే. 'కాస్త వేడిగా ఉంది, ఇంకో చెంబు చన్నీళ్ళు పోద్దాం' అనుకుంటావు. నలభై రెండు పాయింట్ ఆరు డిగ్రీలు అనుకోవు. అదే ఫజ్జీ. కాస్త, బాగా, మరీ... ఈ మాటలతోనే దాని లెక్కంతా. ఇక అడాప్టివ్ అంటే, రోజూ కలిపి కలిపి నీ చెయ్యి నేర్చుకుంటుంది చూడు, అది. బకెట్ మారినా, బాయిలర్ పాతబడినా సర్దుకుంటుంది. ఆ రియాక్టర్లు ఉన్నాయే, మహా మొండివి. కాస్త వేడెక్కాయంటే ఆ వేడికే ఇంకా వేడెక్కుతాయి. మామూలు లెక్కలకు లొంగలేదు. ఈయన మిషన్‌కి లొంగాయి. ఏడేళ్ళుగా ఒక్కసారి కూడా వేడి చెయ్యి దాటలేదు."

"ఇప్పుడు?"

"వడ్రంగిపిట్ట." విదేశీ ముఠాకు ఫైల్లో పెట్టిన పేరు అది. "వాళ్ళ ధోరణే అంత. పెద్దగా ఏదీ విరగ్గొట్టరు. రోజూ కాస్త పొడుస్తారు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆ ఫ్యాక్టరీ మొదటిసారి ఫుల్ లోడ్ ఎక్కిస్తోంది. ఇవాళే ప్రొఫెసర్ని లేపేశారు. నీకేమనిపిస్తోంది?"

"ఆపమని చెప్పలేదా సార్?"

"చెప్పాను. రుజువేదీ అన్నారు. వేడి మీదున్న సరుకును నడిమధ్య ఆపితే రాయిలా గడ్డకట్టి ఆరు నెలలు ఫ్యాక్టరీ మూతపడుతుందట. పోయిన మనిషి చెప్పిన రెండు ముక్కలు పట్టుకుని ఆపరట. ఆపకపోతే గోడ అవతల స్టాఫ్ క్వార్టర్లున్నాయి, స్కూలుంది, బస్ స్టాండుంది. పదకొండు వేల మంది." చీఫ్ గట్టిగా తుమ్మాడు. "థర్మామీటర్లు సరిచూసే టెక్నీషియన్‌గా వెళ్ళు. లోపల మన మనిషి ఉంది. సేఫ్టీ ఆడిటర్. రెండేళ్ళుగా వడ్రంగిపిట్ట కబుర్లు మనకు చేరవేస్తోంది."

"నమ్మొచ్చా?"

"ఫజ్జీగా నమ్ము."

అతను లేచి తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "అక్కడ షిఫ్ట్ ఇన్‌ఛార్జి మా అక్క సార్."

"తెలుసు. భయమేస్తోందా?"

అతను నిజంగానే లోపల వెతుక్కున్నాడు. జేబులో చిల్లర వెతుక్కున్నట్టు. "లేదు సార్."

చీఫ్ చేతిరుమాలు మడతపెట్టాడు. "వెయ్యాలయ్యా" అన్నాడు మెల్లగా.

* * *

ఫ్యాక్టరీ గేటు దగ్గర చెక్కపెట్టె. అందులో ఫోన్లు పడేసి లోపలికి వెళ్ళాలి. లోపల గాలిలో ఆవిరి ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. అతను అంటించుకున్న మీసం ఒకసారి నొక్కుకుని ఫోను పెట్టెలో వేశాడు. టైము ఒకటిన్నర.

"ఇంత ఎండలో గొడుగు తేలేదా?"

ఆడిటర్. తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్. అందరి నెత్తిన దాకలా ఉండే సేఫ్టీ హెల్మెట్ ఆవిడ తల మీద మాత్రం ఏదో ఫ్యాషన్ షోలోది లాగా ఉంది. గేటు కాపలావాడు నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు. పాపం, రోజూ అదే పని.

"వాన కోసం దాచాను" అన్నాడు మొద్దు. అది జవాబు కోడ్.

ఆవిడ నవ్వి అతని మణికట్టు పట్టుకుని వాచీ విప్పేసింది. "బ్యాటరీ వస్తువులు లోపలికి వద్దు. రూల్ రాసింది నేనే." ఆ వాచీని పైపుకు గురిపెడితే దూరం నుంచే వేడి ఎంతో చెబుతుంది. డిపార్ట్‌మెంట్ అతనికిచ్చిన ఒకే ఒక్క మంచి వస్తువు. ఆవిడ దాన్ని కోటు జేబులో వేసుకుని అతని చెవి దగ్గరికి వంగింది. "ప్రోగ్రామ్ కోడ్‌లో దొంగ లైన్లు పెట్టారు. సర్వర్ రూమ్‌లో వెతుకు. తాళం ఇదిగో. తొందరేం లేదు, నాలుగింటి దాకా టైముంది."

సర్వర్ రూమ్ చలికి వణికించేస్తుంది. అతను స్క్రూడ్రైవర్ పిడి తిప్పి అందులోంచి గోరంత చిప్ తీశాడు. ప్రొఫెసర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన అసలు ప్రోగ్రామ్ అందులో ఉంది. రెంటినీ లైను లైనూ పోల్చమని కంప్యూటర్‌కి చెప్పి కూర్చున్నాడు. గంట దాటింది. రెండు నలభై ఏడుకి జవాబొచ్చింది. తేడా లేదు. ఒక్క అక్షరం కూడా మారలేదు.

అంటే ఆవిడ చెవిలో పువ్వు పెట్టింది. మామూలు మనిషైతే ఒళ్ళు మండి ఉండేది. మొద్దు మాత్రం వేళ్ళు విరుచుకుని ప్రొఫెసర్ మాట గుర్తు చేసుకున్నాడు. కోడ్ అనలేదు ఆయన. అలవాటు అన్నాడు.

అలవాటుకు వేరే ఫైలుంది. ఆ కంట్రోలర్ రోజూ ఎంత నేర్చుకుందో, ఏ రూలును ఎంత సర్దుకుందో అందులో ఉంటుంది. ఒకటో రియాక్టర్ తెరిచాడు. ఒకరోజు ముందుకు, ఒకరోజు వెనక్కి. నేర్చుకునేవాళ్ళు ఎవరైనా అలాగే తడబడతారు. రెండోదీ అంతే, నాలుగోదీ అంతే. మూడోది తడబడలేదు. నలభై రోజులుగా ఒకటే వైపు జరుగుతోంది. రోజుకు అర డిగ్రీకి సరిపడా చన్నీళ్ళు తగ్గిస్తూ వచ్చింది.

అతను మెయింటెనెన్స్ రిజిస్టర్ లాక్కుని నలభై రోజులు వెనక్కి తిప్పాడు. 'మూడో రియాక్టర్‌కు కొత్త థర్మామీటర్లు. సిఫారసు: సేఫ్టీ ఆడిటర్.'

అదీ సంగతి. కొత్త థర్మామీటర్లు మొదటి రోజు అర డిగ్రీ తక్కువ చెప్పాయి. మర్నాడు ఇంకో అర. ఒక్కసారిగా ఇరవై డిగ్రీలు అబద్ధం చెప్పి ఉంటే కంట్రోలర్ వెంటనే గగ్గోలు పెట్టేది. అర డిగ్రీని ఎవరు పట్టించుకుంటారు? పాత్ర పాతబడిందిలే అనుకుని సర్దుకుపోయింది. సర్దుకుపోవడమే దానికి నేర్పిన విద్య. ఇప్పుడు స్క్రీన్ మీద డెబ్భై ఉంటే లోపల తొంభై ఉంది. మూడింటికి ఫుల్ లోడ్ ఎక్కితే కథ ముగిసినట్టే.

కానీ ప్రొఫెసర్ అంత అమాయకుడు కాదే. ఇలాంటి మోసానికి అడ్డుకట్ట ఏదో వేసే ఉంటాడు. అతను రిజిస్టర్లో ఇంకో లైను కిందికి చూశాడు. 'అదే రోజు నుంచి చేతి కేక రద్దు. ఆమోదం: షిఫ్ట్ ఇన్‌ఛార్జి.' కింద అక్క సంతకం. స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద నాన్న బదులు అక్కే పెట్టేది ఆ సంతకం. ఆ గుండ్రటి చుట్టలు అతను చీకట్లో కూడా గుర్తుపడతాడు.

చేతి కేక అంటే ఏమిటో అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. షిఫ్టు మారినప్పుడల్లా ఇన్‌ఛార్జి రియాక్టర్ నుంచి వెనక్కొచ్చే నీళ్ళ పైపు మీద చేతి వెనుక భాగం ఆనించి, గట్టిగా కేక వెయ్యాలి. చల్లన. గోరువెచ్చన. వేడి. చెయ్యి పెట్టలేం. ఈ నాలుగే. లోపల డెబ్భై డిగ్రీలున్నా, బయటికొచ్చే ఆ నీళ్ళు గోరువెచ్చగానే ఉండాలి. అక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంట్లో అతని స్నానం బకెట్ మీద ప్రాక్టీసు చేసేది. వీధి చివరి దాకా వినపడేలా "గోరువెచ్చనా!" అని అరిస్తే అతను సిగ్గుతో చచ్చిపోయేవాడు. తరవాత ప్రొఫెసర్ వచ్చి ఆ నాలుగు మాటల మీదే తన లెక్కలన్నీ కట్టాడు. ఆ కేకను ప్రతి షిఫ్టులోనూ కంప్యూటర్లో ఎక్కించమన్నాడు. స్క్రీన్ గోరువెచ్చన అని, చెయ్యి కాదంటే, కంట్రోలర్ నేర్చుకోవడం ఆపి అలారం మోగించాలి. అదే అడ్డుకట్ట.

నలభై రోజులుగా ఆ గడిలో 'గోరువెచ్చన' అని దానంతట అదే పడుతోంది. గోడ మీద అందమైన రంగుల పోస్టర్: 'పైపులు తాకరాదు. మీ చేతులు మాకు ముఖ్యం.'

గోడ గడియారం రెండు యాభై ఎనిమిది. అతను తలుపు తోశాడు. బయట నుంచి గడియ పెట్టి ఉంది.

* * *

కిటికీ చువ్వల మరలు విప్పి, కేబుళ్ళ గొట్టం పట్టుకుని జారి, కంట్రోల్ రూమ్ చేరేసరికి మూడూ పద్నాలుగు. స్క్రీన్ల ముందు ఇన్‌ఛార్జి అక్క ఒక్కతే నిలబడి ఉంది. చేతిలో పెన్ను, నోట్లో పెన్ను మూత. ఫుల్ లోడ్ ఎక్కి పద్నాలుగు నిమిషాలైంది.

"మేడమ్, నేను థర్మామీటర్ల కంపెనీ నుంచి..."

ఆవిడ వెనక్కి తిరిగి, అతన్ని పైనుంచి కిందికి చూసి, నోట్లోంచి మూత తీసింది. "మీసం ఎడం పక్క ఊడింది రా చిన్నోడా."

అతను మీసం పీకేశాడు. "అక్కా, మూడో రియాక్టర్ ట్రిప్ చేసి ఆపెయ్యి. ఇప్పుడే."

"ఇన్సూరెన్సులో పని చేస్తున్నానన్నావు కదరా!"

"తరవాత తిట్టు. స్క్రీన్ అబద్ధం చెబుతోంది. లోపల తొంభై దాటింది."

ఆవిడ స్క్రీన్ చూసింది. డెబ్భై ఒకటి. ఆకుపచ్చ అక్షరాల్లో గోరువెచ్చన. ఎర్ర బటన్ మీదున్న అద్దం మూత వైపు చూసింది, చెయ్యి మాత్రం కదల్లేదు. "పోయినేడు ఇలాగే భయపడి నొక్కాను. ఏమీ లేదు లోపల. సరుకంతా గడ్డకట్టింది. ఐదు నెలలు మూడొందల మంది ఇళ్ళలో కూర్చున్నారు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్ళు. స్క్రీన్ని కాదని మళ్ళీ నొక్కనని ఒట్టేసుకున్నాను రా."

"అందుకేనా చేతి కేక తీసేశావు?"

"ఒక కుర్రదానికి చెయ్యి బొబ్బలెక్కింది. ఆడిటర్ కాగితం తెచ్చింది. మంచి మాటే కదా అని సంతకం పెట్టాను." ఆవిడ పెన్నుకు మూత పెట్టింది. "తప్పా?"

"తప్పే" అన్నది తలుపు దగ్గరి నుంచి ఇంకో గొంతు. ఆడిటర్ చేతిలో లిప్‌స్టిక్‌కి నప్పే చిన్న పిస్టల్ ఉంది. "ఇద్దరూ బటన్‌కి దూరంగా జరగండి. ఇంకో పావుగంట ఓపిక పట్టండి చాలు. ఆ తరవాత నేను నా కారెక్కి వెళ్ళిపోతాను. నాలుగింటికి మీరు చూసుకుందురుగాని."

"నాలుగింటికని ఎవరు చెప్పారు?" అడిగాడు మొద్దు.

"చెప్పాల్సినవాళ్ళు."

అతను రెండు చేతులూ పైకెత్తి, ఆవిడను దాటి, అద్దం తలుపు అవతలికి నడిచాడు. నాలుగడుగుల్లో మూడో రియాక్టర్ నుంచి వెనక్కొచ్చే పైపు, నీలం రంగు, మనిషి తొడంత లావు.

"కదిలావంటే కాల్చేస్తా."

"ఇక్కడ కాలిస్తే నువ్వూ కాలిపోతావు. రూల్ రాసింది నువ్వే కదా."

ఆవిడ వేలు ఆగింది. అతను ఎడమ చెయ్యి కిందికి దించి పైపు మీద ఆనించాడు. ఏమీ తెలియలేదు. నున్నగా ఉందని కూడా తెలియలేదు. ఆ చేతిని అక్కడే ఉంచి అక్క మొహంలోకి చూశాడు.

"నాకు తెలియడం లేదక్కా. నువ్వు చూసి చెప్పు."

మొదట చెయ్యి ఎర్రబడింది. తరవాత తెల్లబడింది. వేళ్ళ కణుపుల మీద తోలు పొంగి, అరచేతి అంచున నీటి బొబ్బ లేచి, చూస్తుండగానే పగిలింది. కాలిన వాసన గదిలోకొచ్చింది. అతని మొహం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉంది. వెనక స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలూ అలాగే ఉన్నాయి. గోరువెచ్చన. ఆ చెయ్యీ ఆ స్క్రీనూ రెండూ ఒకటే మాట చెబుతున్నాయి, నాకేం కాలేదని.

"తియ్యరా!" అక్క అరిచింది. "తియ్యరా చెయ్యి!"

"కేక వెయ్యి. నాలుగిట్లో ఏది?"

ఆవిడ గుండెలవిసేలా అరిచింది. "చెయ్యి పెట్టలేం!"

ఆ కేకతోనే పిడికిలితో అద్దం మూత పగలగొట్టి ఎర్ర బటన్ నొక్కింది. పిస్టల్ ఉన్న సంగతే మర్చిపోయింది. ఫ్యాక్టరీ అంతా ఒక్కసారి ఊగింది. నాలుగు ట్యాంకుల చన్నీళ్ళు ఒకేసారి రియాక్టర్ మీద పడ్డాయి. పైకప్పు మీది సేఫ్టీ వాల్వ్ ఈల వేసి, గురగురలాడి, ఎట్టకేలకు నోరు మూసుకుంది. తరవాత లెక్కగట్టిన ఇంజనీర్లు, ఇంకో నలభై సెకన్లు దాటితే లెక్కగట్టడానికి తాము ఉండేవాళ్ళం కాదని రాశారు.

ఆడిటర్ ఇంకా ఆ పైపునే చూస్తోంది. కాలిన తోలు ముక్క ఒకటి దానికి అంటుకుని ఉంది.

"నాలుగింటికన్నారు" అంది.

"ఇప్పుడు మూడూ ఇరవై" అన్నాడు మొద్దు. "నీకూ రోజూ కాస్త కాస్త అబద్ధం చెప్పినట్టున్నారు. నువ్వూ సర్దుకుపోయావు."

ఆవిడ పిస్టల్ని టేబుల్ మీద పెట్టి హెల్మెట్ తీసేసింది. హెల్మెట్ లేకపోతే అలిసిపోయిన మామూలు మనిషిలా ఉంది. కాగితం అడిగి తీసుకుని ఒక గెస్ట్‌హౌస్ అడ్రసు రాసింది. "పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు. నాకు కూడా ఒక పెట్టె సర్దమన్నాను, సర్ది ఉండరులే." సాయంత్రం ఐదుకి డిపార్ట్‌మెంట్ వాళ్ళు తలుపు తట్టినప్పుడు గదిలో ఐదుగురున్నారు, ఐదు పెట్టెలున్నాయి. ఆవిడ వాచీ తిరిగిచ్చేసింది.

* * *

ఫస్ట్ ఎయిడ్ గదిలో అక్క కొళాయి కింద అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. డాక్టరు వస్తున్నాడు. ఆవిడ కళ్ళనీళ్ళు ఆగడం లేదు, నోరూ ఆగడం లేదు.

"ఇన్సూరెన్సట, ఇన్సూరెన్సు! పండులాంటి చెయ్యి ఇలా కాల్చుకుంటావా? మీ బావ పోయిన రోజూ ఇలాగే స్తంభంలా నిలబడ్డావు. చుట్టాలందరూ నాతో అన్నారు, నీ తమ్ముడికి మనసు లేదే అని. కాదు, వాడు లోపల దాచుకుంటాడు అని నేనే సర్దిచెప్పాను."

"దాచుకోలేదక్కా. నిజంగానే ఏమీ అనిపించలేదు." ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. "మొదట్లో అనిపించేది. ఒకణ్ణి పోగొట్టుకున్నప్పుడు కాస్త తగ్గింది. ఇంకొకణ్ణి పోగొట్టుకున్నప్పుడు ఇంకాస్త. ఇవాళ పొద్దున ఒక పెద్దాయన నా ఒళ్ళో పోయాడు, నేను టైము చూసుకున్నాను. ఎప్పుడు ఇలా అయ్యానో నాకే తెలియదు."

అక్క ముక్కు చీదింది. "చెయ్యి వేసి చూసేవాళ్ళు లేక" అంది. "నెలకోసారైనా ఇంటికి రమ్మంటే వచ్చావా?" తడి చేతి వెనుక భాగాన్ని అతని మెడ మీద పెట్టి, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు చూసింది. కాసేపు తియ్యలేదు. "వణుకుతున్నావు రా."

"ఎవరు?"

"నువ్వే."

అతను కిందికి చూసుకున్నాడు. మోకాళ్ళు రెండూ టకటకా కొట్టుకుంటున్నాయి. ఆపుదామని చూశాడు, ఆగలేదు. ఎర్ర బటన్‌కి ఇవతల అక్క నిలబడి ఉండడం, నలభై సెకన్లు, గోడ అవతల స్కూలు, ప్రొఫెసర్ తల బరువు, అన్నీ కలిసి ఇప్పుడొచ్చాయి. భయమేసింది. అచ్చంగా, చిన్నపిల్లాడికి వేసినట్టే వేసింది. అక్క భుజం మీద తల పెట్టుకున్నాడు, డాక్టరు వచ్చి గొంతు సవరించుకునేదాకా తియ్యలేదు.

మర్నాడు పొద్దున టైలర్ షాపు పై అంతస్తులో చీఫ్ అతని ముందు రిపోర్టు ఫారం పెట్టాడు. మిషన్ పేరు, ప్రాణనష్టం, పాడైన ప్రభుత్వ పరికరాలు. మీసం ఒకటి అని రాశాడు. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. 'ఏజెంట్ ప్రస్తుత మానసిక స్థితి.' పదేళ్ళుగా ప్రతి ఫారంలోనూ అక్కడ 'మామూలే' అని రాస్తున్నాడు. చెయ్యి అలవాటుగా 'మా' దాకా రాసేసింది.

అతను దాన్ని కొట్టేసి, పక్కన గుండ్రంగా రాశాడు: గోరువెచ్చన.

చీఫ్ చదివి, ముక్కు తుడుచుకుని, ఇది కొలిచిన థర్మామీటర్ ఏ కంపెనీదని అడిగాడు.